మెసేజ్ క్యూ మీద పెత్తనం ఎవరిది? 2011లో పడిన ముడే నేటి తకరారు

2025 డిసెంబర్ 8న ఐబీఎం ఒక ప్రకటన చేసింది. కాన్‌ఫ్లుయెంట్‌ను దాదాపు 1,100 కోట్ల డాలర్లకు కొంటున్నామని చెప్పింది. అప్లికేషన్ల మధ్య మెసేజ్‌లు మోసే కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్‌ను సృష్టించినవాళ్లు 2014లో పెట్టుకున్న కంపెనీ అది. అప్లికేషన్ల మధ్య ఆర్డర్లు, చెల్లింపులు, స్టాకు లెక్కలు మోసే సాఫ్ట్‌వేర్‌ను, అంటే మెసేజ్ క్యూను, ఎంచుకునే పనిలో ఉన్నవాళ్లకు ఈ వార్త కొత్త టెన్షన్ తెచ్చిపెట్టింది. ఐబీఎం దగ్గర ఎంక్యూ అనే సొంత మెసేజ్ క్యూ ఎప్పటి నుంచో ఉంది. రెడ్‌హ్యాట్ 2019లో వచ్చి చేరింది. సాఫ్ట్‌వేర్ ఏజీకి 213 కోట్ల యూరోలు ఇచ్చి అప్లికేషన్లను, డేటాను కలిపే వెబ్‌మెథడ్స్, స్ట్రీమ్‌సెట్స్‌లను 2024లో తీసుకుంది. అవతల సేల్స్‌ఫోర్స్ కూడా ఇలాంటి పనిచేసే కంపెనీలను, 2018లో మ్యూల్‌సాఫ్ట్‌ను 650 కోట్ల డాలర్లకు, 2025లో ఇన్ఫర్మాటికాను సుమారు 800 కోట్ల డాలర్లకు కొనేసింది. షార్ట్‌లిస్టులో వేర్వేరు వరుసల్లో రాసుకున్న పేర్లు ఒక్కొక్కటే ఒకే గూటికి చేరిపోతున్నాయి.

దీనిమీద వాదన రెండు రకాలుగా నడుస్తోంది. కాఫ్కా లాభాపేక్ష లేని అపాచీ ఫౌండేషన్ సొత్తు కాబట్టి కాన్‌ఫ్లుయెంట్‌ను ఎవరు కొన్నా భయం లేదని ఒక వర్గం అంటోంది. యజమాని మారితే ధర, సపోర్టు, భవిష్యత్ ప్రణాళిక అన్నీ మారతాయి కాబట్టి, ఎటూ వాడుతున్న క్లౌడ్ కంపెనీ క్యూకే వెళ్లిపోవడం మేలని రెండో వర్గం మాట. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ ఈ సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి పెట్టుకున్నాక మార్చడం ఎందుకింత కష్టమైందో ఈ వాదనలేవీ చెప్పవు. ఆ ముడి 2003లో మొదలై 2011లో బిగుసుకుంది. ఐబీఎం ఎంక్యూకు తొలి రూపమైన 1993 నాటి ఎంక్యూసిరీస్, అంతకన్నా ముందే ట్రేడింగ్ గదుల్లో పాతుకుపోయిన వివేక్ రణదివే ఇన్ఫర్మేషన్ బస్, 2006లో అందరికీ అందుబాటులోకి వచ్చిన అమెజాన్ క్లౌడ్ క్యూ ఎస్‌క్యూఎస్ సంగతులు ఈ రంగంలో ఉన్నవారికి కొత్త కాదు కనుక వాటిని వదిలేద్దాం.

2003లో జేపీమోర్గాన్ ఛేజ్ బ్యాంకులో పనిచేస్తున్న జాన్ ఒహారా కొనేవాళ్ల తరఫున ఒక పని మొదలుపెట్టారు. బ్రౌజర్ ఎవరిదైనా, సర్వర్ ఎవరిదైనా, అవి మాట్లాడుకునే భాష హెచ్‌టీటీపీ ఒకటే. మెసేజింగ్‌కు మాత్రం అలాంటి ఉమ్మడి భాష లేదు. 1998లో వచ్చిన జేఎంఎస్ అనే మెసేజింగ్ ప్రమాణం, జావా ప్రోగ్రామర్ రాసే కోడు ఎలా ఉండాలో చెప్పిందే తప్ప, తీగ మీద వెళ్లే బైట్లు ఎలా ఉండాలో చెప్పలేదు. అందువల్ల ఒక వెండర్ క్లయింట్ లైబ్రరీ మరో వెండర్ బ్రోకర్‌తో (మధ్యలో మెసేజ్‌లు అందుకుని చేరవేసే సర్వర్‌తో) మాట్లాడలేకపోయేది. ఒకసారి కొన్నాక లైసెన్సు ఫీజు ఎంత పెంచినా కట్టాల్సిందే. ఒహారా ప్రతిపాదన సూటిగా ఉంది. భాష అందరిదీ కావాలి, ఆ భాష మాట్లాడే బ్రోకర్లను ఎవరైనా తయారు చేసి అమ్ముకోవచ్చు. దానికే ఏఎంక్యూపీ అని పేరు పెట్టారు.

బ్యాంకు ఈ పనికి ఐమ్యాటిక్స్ అనే చిన్న కంపెనీని పెట్టుకుంది. 2005లో సిస్కో, రెడ్‌హ్యాట్, ఐయోనా వంటి సంస్థలతో కలిసి ఒక వర్కింగ్ గ్రూపు ఏర్పడింది. 2006లో స్పెసిఫికేషన్ బయటికి వచ్చింది. దాన్ని చదివి 2007లో ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన బ్రోకరే ర్యాబిట్‌ఎంక్యూ. ఒక బ్యాంకు అవసరం కోసం రాసిన పత్రాన్ని పట్టుకుని, ఆ బ్యాంకుతో సంబంధం లేనివాళ్లు కొత్త ఉత్పత్తి తయారు చేయగలిగారు. కొనుగోలుదారులు ఏం కోరుకున్నారో అది కళ్లముందే జరిగింది.

2008 చివర్లో వచ్చిన ఏఎంక్యూపీ 0-9-1 వెర్షన్‌లో ఒక ముఖ్యమైన లక్షణముంది. బ్రోకర్ లోపల ఏముండాలో కూడా అందులో రాసిపెట్టారు. మెసేజ్‌లను అందుకుని పంచే ఎక్స్ఛేంజ్ అంటే ఏమిటి, అవి వేచి ఉండే క్యూ అంటే ఏమిటి, రెంటినీ కలిపే బైండింగ్ అంటే ఏమిటి అన్నీ నిర్వచించారు. ఒక ప్రోగ్రాం బ్రోకర్‌కు కనెక్ట్ అయి, 'ఈ పేరుతో నాకొక క్యూ కావాలి, దాన్ని ఫలానా ఎక్స్ఛేంజ్‌కు కట్టు' అని అడగవచ్చు. ఆ స్పెసిఫికేషన్ పాటించే ఏ బ్రోకర్ అయినా అదే అర్థం చేసుకోవాలి, అదే చేయాలి. బ్రోకర్‌ను మార్చినా అప్లికేషన్ కోడు అలాగే ఉంటుందన్న హామీకి ఆ కొద్ది పేజీలే ఆధారం.

ఆ పేజీలే పోయాయి. గ్రూపులోకి పెద్ద బ్యాంకులతో పాటు మైక్రోసాఫ్ట్, సాఫ్ట్‌వేర్ ఏజీ, వీఎంవేర్ వంటి అమ్మకందారులూ చేరారు. స్పెసిఫికేషన్‌ను మళ్లీ మొదటి నుంచి రాశారు. ఐమ్యాటిక్స్ అధినేత పీటర్ హింజెన్స్ ఈ పని దారి తప్పుతోందని 2008లోనే హెచ్చరిస్తూ వ్యాసం రాశారు. 2010లో ఆయన కంపెనీ గ్రూపు నుంచి బయటికొచ్చి, తన సొంత మెసేజింగ్ లైబ్రరీ జీరోఎంక్యూ మీద దృష్టి పెట్టింది. 2011 అక్టోబర్‌లో ఏఎంక్యూపీ 1.0 వచ్చింది. అందులో ఎక్స్ఛేంజ్ లేదు, బైండింగ్ లేదు. రెండు నోడ్‌ల మధ్య మెసేజ్ ఎలా బదిలీ కావాలి, అందిందని ఎలా ఖరారు చేసుకోవాలి అన్నంత వరకే ఉంది. బ్రోకర్ లోపలి సంగతి ఎవరి ఇష్టం వారిదైంది.

దీన్ని సమర్థించేవారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. అప్పటికే రకరకాల బ్రోకర్లు అమ్ముతున్న కంపెనీలు చేరాలంటే లోపలి నిర్మాణాన్ని శాసించకూడదని వారు అన్నారు. 2012లో ఓయాసిస్, 2014లో ఐఎస్ఓ అనే ప్రమాణాల సంస్థలు దాన్ని ప్రమాణంగా గుర్తించాయి. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ మెసేజింగ్ సర్వీసు అజ్యూర్ సర్వీస్ బస్ దాని మీదే నడుస్తోంది.

అయినా వాడేవాళ్ల వైపు నుంచి చూస్తే నష్టం పెద్దది. ఒకే పేరుతో, ఒకదానికొకటి అర్థం కాని రెండు భాషలు మిగిలాయి. ర్యాబిట్‌ఎంక్యూ 0-9-1నే పట్టుకుని కూర్చుంది. 1.0ను చాలాకాలం ప్లగిన్‌గా నడిపి, 2024లో వచ్చిన 4.0లో గానీ సొంత భాషగా చేసుకోలేదు. క్యూ సృష్టించడం, హక్కులివ్వడం, పర్యవేక్షించడం వంటి పనులకు ప్రతి బ్రోకర్‌కూ ఒక్కో పద్ధతి. కొనేవాళ్లు ఎనిమిదేళ్లు పోరాడి సాధించుకున్నది ప్రమాణమని పిలిపించుకుంది కానీ, వెండర్‌ను మార్చే స్వేచ్ఛ మాత్రం చేతికి రాలేదు.

ఏఎంక్యూపీ 1.0 వచ్చిన ఆ 2011లోనే, కొన్ని నెలల ముందు, లింక్డ్‌ఇన్ కాఫ్కాను ఓపెన్ సోర్స్ చేసింది. దానికి కమిటీ లేదు, ఐఎస్ఓ నంబరు లేదు. ఒక కంపెనీ తన అవసరానికి రాసుకున్న సాఫ్ట్‌వేర్, దాని ప్రోటోకాల్ (మెసేజ్‌ల భాష) కూడా దాని కోడులో భాగమే. ప్రమాణం కోసం ఎదురుచూసి అలసిన చోటికి పనిచేసే ఉత్పత్తి వచ్చింది, జనం దాన్ని తీసుకున్నారు. ఈరోజు అజ్యూర్ ఈవెంట్ హబ్స్, రెడ్‌పాండా, 2024లో కాన్‌ఫ్లుయెంటే కొనుక్కున్న వార్ప్‌స్ట్రీమ్ అనే ఉత్పత్తులన్నీ కాఫ్కా భాషే మాట్లాడతాయి. ఎవరూ ఎన్నుకోని ప్రమాణం అది. తేడా ఏమిటంటే, ఒహారా గ్రూపులో డబ్బు కట్టే బ్యాంకులకు కుర్చీ ఉండేది. కాఫ్కాలో మార్పుల మీద ఓటు వేసేది కోడు రాసి ఆ హోదా సంపాదించుకున్న వ్యక్తులు. వారిలో కాన్‌ఫ్లుయెంట్ జీతగాళ్లు గణనీయంగా ఉన్నారు. అందుకే యజమాని ఎవరన్న ప్రశ్న ఇప్పుడింత బరువెక్కింది.

మార్చడం ఎక్కడ కష్టమవుతుందో ఒక ఆర్డర్ మెసేజ్‌ను పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ప్రోగ్రాం మెసేజ్ తీసుకుంది, కస్టమర్ ఖాతాలో డబ్బు తగ్గించింది, 'అందింది' అని చెప్పేలోపు సర్వర్ ఆగిపోయింది. ఎస్‌క్యూఎస్‌లో అయితే ఆ మెసేజ్ కొంతసేపు ఎవరికీ కనిపించదు, మనం మార్చకపోతే 30 సెకన్లు, ఆ తర్వాత మళ్లీ ప్రత్యక్షమవుతుంది. పని నిజంగానే 40 సెకన్లు పడుతుంటే, మొదటి ప్రోగ్రాం బతికుండగానే రెండోది అదే ఆర్డర్‌ను తీసుకుంటుంది. ర్యాబిట్‌ఎంక్యూలో కనెక్షన్ తెగిన వెంటనే మెసేజ్ క్యూలోకి వెనక్కి వస్తుంది. కాఫ్కా మామూలు పద్ధతిలో తీయడం, వెనక్కి పెట్టడం అనేవే లేవు. మెసేజ్ లాగ్‌లో అక్కడే ఉంటుంది, ఎక్కడి దాకా చదివామో చెప్పే ఆఫ్‌సెట్ మాత్రమే కదులుతుంది. మధ్యలో ఒక ఆర్డర్ చెడితే దాన్ని విడిగా పక్కన పెట్టే ఏర్పాటు మనమే రాసుకోవాలి, లేకపోతే వెనకున్నవన్నీ ఆగిపోతాయి.

మూడు చోట్లా డబ్బు రెండుసార్లు తగ్గకుండా కోడు రాయవచ్చు. కానీ ఆ కోడు మూడు రకాలుగా ఉంటుంది. టైమౌట్లు, మళ్లీ ప్రయత్నించే సంఖ్య, వరుసక్రమం మీద నమ్మకం ఇవన్నీ డజన్ల కొద్దీ అప్లికేషన్లలో చెదిరిపోయి ఉంటాయి. వెండర్ ధర పెంచిన రోజున గుర్తొచ్చేది ఈ కోడే. లైసెన్సు కాగితం రెండో స్థానంలో ఉంటుంది.

ఆ లైసెన్సు కథ కూడా ఇక్కడికే చేరుతుంది. 2018 నవంబర్ చివర్లో అమెజాన్ కాఫ్కాను తన మేనేజ్డ్ సర్వీసుగా ప్రకటించింది. డిసెంబర్ మధ్యలో కాన్‌ఫ్లుయెంట్ కాఫ్కా చుట్టూ అల్లిన తన పరికరాలైన స్కీమా రిజిస్ట్రీ, కేఎస్‌క్యూఎల్, రెస్ట్ ప్రాక్సీల లైసెన్సు మార్చేసి, వాటిని పోటీగా క్లౌడ్ సర్వీసు చేసి అమ్మడాన్ని నిషేధించింది. మేం శ్రమించి తయారు చేస్తే పెద్ద క్లౌడ్ కంపెనీలు ఊరికే తీసుకుని అమ్ముకుంటున్నాయన్నది వాళ్ల బాధ. కాఫ్కా మాత్రం అపాచీ లైసెన్సులోనే ఉంది. ఇప్పుడు 'కాఫ్కాకు భయం లేదు' అంటున్నవారు ఈ విభజనను గుర్తుంచుకోవాలి. చాలా సంస్థలు ఆనుకుని ఉన్నది కాఫ్కా ఒక్కదాని మీదే కాదు, చుట్టూ అల్లిన ఈ పరికరాల మీద కూడా.

2025 ఏప్రిల్‌లో న్యాట్స్ అనే మరో మెసేజింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలో ఇదే తగువు ఇంకాస్త పచ్చిగా బయటపడింది. న్యాట్స్‌ను 2018లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌కు అప్పగించిన సినాడియా కంపెనీ, ప్రాజెక్టును వెనక్కి ఇవ్వమని అడిగింది. వెబ్‌సైట్ చిరునామా, కోడు ఖజానా తమవేనంది, సర్వర్‌ను ఓపెన్ సోర్స్ కాని లైసెన్సుకు మార్చాలనుకుంది. కోడులో అత్యధిక భాగం రాసింది తమవాళ్లేనన్నది దాని వాదన, అది నిజమే కూడా. అయితే ఫౌండేషన్ పేరు చూసి, అది ఎప్పటికీ తెరిచే ఉంటుందని నమ్మి న్యాట్స్‌ను తమ సిస్టమ్‌లలో పెట్టుకున్నవాళ్ల సంగతేమిటి? ఫౌండేషన్ బహిరంగంగా నిలదీసింది. మే 1న రాజీ కుదిరింది. ట్రేడ్‌మార్కులు దాని మాతృసంస్థ లైనక్స్ ఫౌండేషన్‌కు వెళ్లాయి, చిరునామా, ఖజానా క్లౌడ్ నేటివ్ ఫౌండేషన్ దగ్గరే ఉన్నాయి, లైసెన్సు మారలేదు. ఆ తగువులో వాడుకరులను కాపాడింది ఫౌండేషన్ పట్టుదల, పేరు ఎవరి మీద రిజిస్టరై ఉందన్న సాదాసీదా ప్రశ్న.

ర్యాబిట్‌ఎంక్యూకు అలాంటి ఫౌండేషన్ లేదు. 2010లో వీఎంవేర్ పరమైంది, 2013లో పివోటల్‌కు వెళ్లింది, మళ్లీ వీఎంవేర్‌కు వచ్చింది, 2023 నవంబర్‌లో వీఎంవేర్‌తో పాటు బ్రాడ్‌కామ్ చేతికి పోయింది. కోడు ఇప్పటికీ తెరిచే ఉంది. కానీ ఉచిత సపోర్టు తాజా వెర్షన్ శ్రేణికే పరిమితం. 4.0లో మెసేజ్‌ల నకళ్లను వేర్వేరు సర్వర్లలో ఉంచే పాత మిర్రర్డ్ క్యూలను తీసేశారు కాబట్టి, వాటి మీద నడుస్తున్నవాళ్లకు, ఎక్కువ సర్వర్లు ఒప్పుకుంటేనే మెసేజ్‌ను ఖరారు చేసే కోరమ్ క్యూలకు మారడమో, పాత వెర్షన్‌కు డబ్బు కట్టి సపోర్టు తీసుకోవడమో తప్ప మూడో దారి సులువుగా దొరకదు. సాంకేతికంగా ఆ తొలగింపు సరైనదే, కోరమ్ క్యూలు డేటాను మెరుగ్గా కాపాడతాయి. ఎప్పుడు మారాలన్న నిర్ణయం మాత్రం వాడేవాళ్ల చేతిలో లేదు.

ఈ నేపథ్యంలో చూడాల్సిన మరో మార్పు కాఫ్కా లోపలే జరుగుతోంది. 2025 మార్చిలో వచ్చిన కాఫ్కా 4.0లో షేర్ గ్రూపులనే సదుపాయాన్ని ముందస్తు రూపంలో ఇచ్చారు. ఒక్కో మెసేజ్‌ను విడిగా ఖరారు చేయడం, చెడినదాన్ని మళ్లీ పంపడం వంటి అసలు సిసలు క్యూ లక్షణాలు దీంతో కాఫ్కాలోకి వస్తున్నాయి. 'అందింది' అనే మాటకు అర్థమేమిటో ఈ రంగంలో మరోసారి రాస్తున్నారన్నమాట. ఈసారి రాస్తున్నది కొనుగోలుదారుల గ్రూపు కాదు, కాఫ్కా డెవలపర్లు. 2019లో 1.0గా వచ్చిన క్లౌడ్‌ఈవెంట్స్ ప్రమాణం మెసేజ్ కవరు మీద ఏం రాయాలో చెబుతుంది. దాన్ని అందుకున్నాక ఏం జరగాలన్నది దాని పరిధిలో లేదు.

కాన్‌ఫ్లుయెంట్ ఒప్పందాలు రెన్యువల్‌కు వచ్చేవారికి చేయదగ్గ పని ఒకటుంది. వేగం, ధరల పట్టిక పక్కన ఇంకో పట్టిక వేసుకోవాలి. ట్రేడ్‌మార్క్ ఎవరిది, మార్పుల మీద ఓటు ఎవరిది, తమ కోడులో ఏయే అప్లికేషన్లు ఏ బ్రోకర్ టైమౌట్‌ను, ఏ వరుసక్రమాన్ని నమ్ముకుని ఉన్నాయి అన్నవి అందులో ఉండాలి. చివరి గడి నింపడానికే ఎక్కువ సమయం పడుతుంది, ఆ సమాచారం ఏ వెండర్ దగ్గరా దొరకదు.