మైనంతో వేసిన సముద్రం ఎండకు కారిపోదా? ఎన్‌కాస్టిక్ చిత్రాలపై అపోహలు - వాస్తవాలు

భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోటును నేను మైనంతో వేశాను. రంగులు కలిపిన మైనాన్ని కరిగించి, పొర మీద పొర వేస్తూ వేడితో అతికించే ఈ పద్ధతే ఎన్‌కాస్టిక్. వానాకాలంలో ఏటి నుంచి వచ్చే ఎర్రనీళ్లు, వాటికి ఎదురొచ్చే ఆకుపచ్చ నీళ్లు, ఆ రెండూ కలిసేచోట నురగ. రెండడుగుల చెక్క మీద దాదాపు ముప్పై పొరలు. ఆ బొమ్మ ముందు ఆగినవాళ్లు అడిగేవి ఇంచుమించు ఇవే.

అపోహ: ఎండాకాలం వస్తే కారిపోతుంది.

తేనెమైనం కరగాలంటే 62 నుంచి 64 డిగ్రీల వేడి కావాలి. పైగా మేం వాడేది ఒట్టి మైనం కాదు. ఎనిమిది వంతుల మైనానికి ఒక వంతు డామర్ బంక కలుపుతాను. దాంతో మైనం గట్టిపడుతుంది, కరిగే వేడీ పెరుగుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా, నేరుగా ఎండ పడని గోడ మీద బొమ్మ కరగదు.

భయపడాల్సింది ప్రయాణంలో. ఒక మే నెలలో బొమ్మను ప్రదర్శనకు పంపితే, ప్యాక్ చేసినవాళ్లు బబుల్ ర్యాప్‌ను నేరుగా మైనం మీదే చుట్టారు. వ్యాన్ ఎండలో నిలబడిపోయింది. విప్పి చూస్తే సముద్రం నిండా వరసలు కట్టిన గుండ్రటి గుంటలు! కరగలేదు కానీ మెత్తబడింది. పైపొరను మళ్లీ వేడిచేసి సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ముందు బటర్ పేపర్, ఆ తర్వాతే మిగతావి.

అపోహ: డామర్ అంటే రోడ్డుకు వేసే డాంబరు.

కానే కాదు. ఆగ్నేయాసియా అడవుల్లో చెట్ల నుంచి కారే బంక అది. సాల వృక్షం నుంచి వచ్చే మన గుగ్గిలానికి దగ్గరి చుట్టం.

అపోహ: ఇది ఈమధ్య వచ్చిన ఫ్యాషన్.

ఎన్‌కాస్టిక్ అనేది గ్రీకు మాట, వేడితో కాల్చి పట్టించడం అని అర్థం. ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో క్రీ.శ. 1 నుంచి 3 శతాబ్దాల మధ్య మమ్మీల మీద అమర్చిన ముఖచిత్రాల్లో చాలావాటిని మైనంతోనే వేశారు. ఆ కళ్లలో తడి ఇప్పటికీ ఆరలేదు. నాకు ఇంకా ఇష్టమైన సంగతి మరొకటి ఉంది. ఓడలకు వేడి మైనం రంగులు పూసేవారని, ఎండా ఉప్పూ గాలీ వాటిని పాడుచేయలేవని ఆ రోజుల్లోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అంటే సముద్రానికీ మైనానికీ పాత స్నేహమే.

అపోహ: హీట్ గన్‌తో వేడిగాలి ఊదితే అలలు వాటంతటవే వస్తాయి.

ఈ మాట నన్ను బాధపెడుతుంది. ప్రతి పొరనూ కింది పొరకు అతుక్కునేంత వరకే వేడిచేయాలి. తక్కువైతే రేపు పెచ్చులా ఊడుతుంది. ఎక్కువైతే ఎరుపూ ఆకుపచ్చా కలిసి బురదవుతాయి. నది నీళ్ల రంగు అడుగు పొరల్లో ఉంది, సముద్రం రంగు పైన ఉంది. మైనం పలుచటి పొరల్లోంచి వెలుగు లోపలికి వెళ్లి తిరిగొస్తుంది కాబట్టే లోతు కనిపిస్తుంది.

నురగకు మాత్రం లక్క కావాలి. వడ్రంగులు స్పిరిట్‌లో కరిగించి పాలిష్‌గా వేస్తారే, అదే. మైనం మీద పూసి, స్పిరిట్ పూర్తిగా ఆరాక, చిన్న టార్చ్ మంట తగిలిస్తాను. లక్క పొర ముడుచుకుని, చిట్లి, వలలా విడిపోతుంది. సరిగ్గా అల విరిగాక ఇసుక మీద మిగిలే నురగ జాలరు! ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు కర్రకు లక్కను ఆనిస్తే, రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. అక్కడ చూశాకే లక్కకు ఎంత వేడి చాలో నాకు చేతికి తెలిసింది.

అపోహ: మైనం కరిగిస్తే విషపు పొగ వస్తుంది.

మైనం కరిగించే పళ్లెం వేడి 90 డిగ్రీల దగ్గర ఉంచితే పొగే రాదు. వచ్చిందంటే వేడి మితిమీరినట్టు, వెంటనే ఆపాలి. కిటికీలు ఎలాగూ తెరిచే ఉండాలి.

అపోహ: తెల్లగా మసకేస్తే బూజు పట్టినట్టే.

చలికి మైనం పైకి తేలే తెల్లటి పొర అది. కొత్త బొమ్మల్లో మామూలే. కిందటి చలికాలం అరకు నుంచి, ఈ బొమ్మ తన ఇంట్లో ఉన్న ఒకావిడ ఫోన్ చేసి, "బూజు పట్టిందండీ, టెన్షన్‌గా ఉంది" అన్నారు. మెత్తటి పాత నూలుగుడ్డతో, నీళ్లు తగలకుండా, గుండ్రంగా తుడవమన్నాను. ఫోన్ పెట్టకుండానే తుడిచారు. కాసేపటికి, "అడుగున ఎర్రనీళ్లు మళ్లీ కనిపిస్తున్నాయండీ" అన్నారు.