కుర్చీ ఎవరి మాట వినాలి?

తిరునాళ్లలో జెయింట్ వీల్ ఎక్కినప్పుడు గమనించే ఉంటారు. చక్రం ఎటు తిరిగినా మనం కూర్చున్న తొట్టి మాత్రం తన బరువుతో తానే సర్దుకుని నిటారుగా వేలాడుతుంది. దాన్ని ఎవరూ తిప్పక్కర్లేదు. అదే తొట్టిని గంటకు 120 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే రైలుకు తగిలిస్తే? మలుపులో ఎటు తిరుగుతుందో, ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం. కుర్చీలు తిరిగే రోలర్ కోస్టర్ల చరిత్రంతా ఈ చిక్కుముడి చుట్టూనే నడిచింది.

గుండ్రటి తొట్టెలు బొంగరంలా తిరుగుతూ వాలు దిగే ‘వర్జీనియా రీల్’ 1908 నాటికే న్యూయార్క్‌ కోనీ ఐలాండ్‌లో ఉంది. కానీ మనిషిని తలకిందులు చేస్తూ పల్టీలు కొట్టించే కుర్చీ రావడానికి మరో తొంభై ఏళ్లు పైనే పట్టింది.

దాన్ని తెచ్చింది అమెరికాలోని ఏరో డైనమిక్స్. డిస్నీల్యాండ్‌లో 1959లో ఉక్కు గొట్టాల పట్టాల మీద మాటర్‌హార్న్‌ కోస్టర్‌ను నడిపించిన ఏరో సంస్థకు ఇది వారసురాలు. న్యాయవాది జాన్ మేర్స్ ఆలోచనను తీసుకుని, అలన్ షిల్కీ డిజైన్‌తో ‘ఎక్స్’ కోస్టర్‌ను కట్టింది. కాలిఫోర్నియాలోని సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌ అనే వినోద పార్కులో ఉందది.

ఈ రైలును కాస్త దగ్గరగా చూడాలి. కుర్చీలు పట్టాల మీద ఉండవు, పక్షి రెక్కల్లా పట్టాలకు అటూ ఇటూ బయటికి చాచి ఉంటాయి. రైలు వెడల్పే సుమారు 6 మీటర్లు. పట్టాలు రెండు కాదు, నాలుగు. రెండింటి మీద రైలు పరుగెడుతుంది. మిగతా రెండూ కుర్చీల కోసమే. నడిచే పట్టాలతో పోలిస్తే ఇవి ఒకచోట పైకి లేస్తాయి, ఒకచోట కిందికి దిగుతాయి. ఆ తేడాను చిన్న చక్రాలు అందుకుని పళ్ల పట్టీని కదిలిస్తాయి, అది పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, దాంతో కుర్చీ పల్టీ కొడుతుంది. అంటే ఏ క్షణాన ఎటు తిరగాలో ఇంజనీరు ముందే ఉక్కులో రాసిపెట్టాడు. మోటారు లేదు, కంప్యూటరు లేదు. నాకు ఇంతకంటే అందమైన యంత్రం కోస్టర్లలో కనిపించలేదు.

తొలి దిగుడు దాదాపు నిట్టనిలువు. ప్రయాణికులు నేలవైపు ముఖం పెట్టి తలకిందుగా పడిపోతారు. ఎత్తు 53 మీటర్లే అయినా దిగుడు 65 మీటర్లు. నేల పల్లంగా ఉన్నచోటికి దిగడం వల్ల అది సాధ్యమైంది.

అందానికి ఖరీదు కూడా గట్టిగానే పడింది. అటూ ఇటూ చాచిన చేతులు, ప్రతి కుర్చీ జతకూ పళ్ల చక్రాలు కలిసి రైలు బరువు పెరిగిపోయింది. ఏరో 2001 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ‘ఎక్స్’ సాంకేతిక లోపాలతో 2002లో నెలల తరబడి మూతపడింది. ఆ ఏడాదే ఏరో ఆస్తులను అదే యూటా రాష్ట్రానికి చెందిన కోస్టర్ల సంస్థ ఎస్ అండ్ ఎస్ కొనేసింది. 2008లో తేలికైన కొత్త రైళ్లతో ‘ఎక్స్’ మళ్లీ ‘ఎక్స్2’గా తెరుచుకుంది.

ఈలోగా 2006లో జపాన్‌లోని ఫుజీ-క్యూ హైలాండ్‌ పార్కులో ఎస్ అండ్ ఎస్ కట్టిన ‘ఏజనైకా’ మొదలైంది. ఎత్తు 76 మీటర్లు, 14 పల్టీలు. వాటిలో పట్టాలు తలకిందులయ్యేది మూడుసార్లే, మిగతావన్నీ కుర్చీల పనే. 2012లో చైనాలోని చాంగ్‌జౌలో ‘డైనోకొండా’ వచ్చింది.

రెండో దారి ఇంటామిన్‌ అనే మరో కోస్టర్ల సంస్థది. 2007లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలోని లిన్నన్‌మాకీ పార్కులో తెరిచిన ‘కిర్ను’లో అదనపు పట్టాలు లేవు, కుర్చీని దాని బరువుకే వదిలేశారు. ఒక్కో బండిలో ఎనిమిది మందే, స్థలమూ తక్కువ. పెద్ద రైలు కొనలేని పార్కులకు ఇది అందుబాటులోకి వచ్చింది. అయితే ఎక్కినవాళ్ల బరువు తేడాను బట్టి ఒక బండి నెమ్మదిగా ఊగితే, వెనకే వచ్చిన బండి గిరగిరా తిరిగేది.

ఆ తర్వాత ఎస్ అండ్ ఎస్ అయస్కాంతాలను పట్టుకుంది. 2015లో సిక్స్ ఫ్లాగ్స్ ఫియెస్టా టెక్సాస్‌లో తెరిచిన ‘బ్యాట్‌మన్’ కోస్టర్‌లో కుర్చీ స్వేచ్ఛగానే ఊగుతుంది. పట్టా పక్కన కొన్నిచోట్ల అమర్చిన అయస్కాంత ఏర్పాటు దగ్గరికి రాగానే, దేనికీ తగలకుండానే పల్టీ కొడుతుంది. నాలుగు పట్టాల బరువు లేదు, పళ్ల చక్రాల అరుగుదలా లేదు.