కుడికి తిరగాలంటే ముందు ఎడమకి

"బాబాయ్, బైకు కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ని ముందుకి తొయ్యాలంట, అప్పుడు చక్రం ఎడమకి కదా తిరుగుతుంది, ఇదెక్కడి లెక్క?" అని మా అన్నయ్య కొడుకు అడిగాడు. వాడు స్పోర్ట్ టూరర్, అంటే దూర ప్రయాణాలకి పనికొచ్చే స్పోర్ట్స్ బైకు, కొనే ఆలోచనలో ఉన్నాడు, టెస్ట్ రైడ్‌కి నన్నూ రమ్మన్నాడు. సీసీలు, మైలేజీ, ఈఎంఐ సంగతులు అందరూ చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను. నాకు ఈ ప్రశ్నంటేనే ఇష్టం.

ఒక పొడవాటి కర్రని అరచేతిలో నిలువుగా నిలబెట్టండి. ఇప్పుడు దాన్ని కుడి పక్కకి తీసుకెళ్లాలి. చెయ్యి నేరుగా కుడికి జరిపారా, కర్ర ఎడమకి పడిపోతుంది. అందుకే చెయ్యి ముందు కొంచెం ఎడమకి జరగాలి, కర్ర కుడికి వాలాలి, అప్పుడు దాన్ని అందుకుంటూ చెయ్యి కుడికి పోవాలి. బైకులో అరచెయ్యంటే టైర్లు రోడ్డుని తాకే చోటు, కర్రంటే బండీ మీరూ కలిపి. కుడి హ్యాండిల్ తోస్తే ముందు చక్రం క్షణకాలం ఎడమకి మళ్లుతుంది, టైర్లు మీ కింద నుంచి ఎడమకి జరిగిపోతాయి, బండి కుడికి వాలుతుంది. ఆ వెంటనే హ్యాండిల్ కుడికి తిరిగి ఆ వాలుని ఆపుతుంది.

వాలిన కర్ర పడకుండా అదే వాలులో ఉండాలంటే చెయ్యి వేగం పెంచుకుంటూ కుడికి పోతూనే ఉండాలి. ఆ త్వరణాన్ని గురుత్వ త్వరణంతో భాగిస్తే వచ్చేది వాలు కోణం టాంజెంటు. మలుపులో ఆ త్వరణం వేగం వర్గం బై వ్యాసార్ధం. 100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకి 36 కిలోమీటర్ల వేగానికి దాదాపు 6 డిగ్రీలు వాలితే చాలు, 72కి 22 డిగ్రీలు, 90కి 32 దాటుతుంది. ఇందులో బరువు ఎక్కడా లేదు, స్కూటీకీ 230 కిలోల బండికీ అదే లెక్క. టైరు వెడల్పుగా ఉంటే మాత్రం వాలినప్పుడు రోడ్డుని తాకే చోటు లోపలివైపు జరుగుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ వాలాలి. మలుపు నుంచి బయటికి రావాలన్నా కర్ర సూత్రమే, చెయ్యి ఇంకా త్వరగా కుడికి వెళ్తే కర్ర లేచి నిలబడుతుంది.

గిర్రున తిరిగే చక్రం వల్లే, అంటే గైరోస్కోప్ వల్లే, సైకిల్ నిలబడుతుందని మాకు క్లాసులో చెప్పారు. దాని పాత్ర ఉంది, కానీ అదొక్కటే కాదు. 2011లో డెల్ఫ్ట్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, తిరిగే చక్రాల ప్రభావాన్ని ఎదురు దిశలో తిరిగే చక్రాలతో రద్దు చేసిన చిన్న బండిని తయారుచేసి నెడితే, మనిషి లేకుండానే పడకుండా పోయింది. విమానం కనిపెట్టకముందు సైకిళ్లు అమ్మిన విల్బర్ రైట్ కూడా ఎంతోమంది సైకిలిస్టులని మీరు ఎడమకి ఎలా తిరుగుతారని అడిగి చూశాడు, మొదటిసారే సరిగ్గా చెప్పినవాళ్లు ఒక్కరూ దొరకలేదట. చెయ్యి చేసే పని బుర్రకి తెలియదు.

మన దగ్గర లైసెన్స్ టెస్టులో 8 వేయిస్తారు. ఆ వేగంలో హ్యాండిల్‌ని ఇలా తోసే తోపు అంతగా తెలియదు, మామూలుగా ఇంకెక్కడా ఎవరూ నేర్పరు. అనంతగిరి ఘాట్‌లో మలుపు అనుకున్నదానికన్నా బిగుతుగా వస్తే టెన్షన్‌తో చేతులు బిగుసుకుంటాయి, బండి వాలదు, బయటి అంచుకి పోతుంది. కొత్త బండికి పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించడంలో పెట్టే శ్రద్ధలో సగం ఈ తోపు నేర్చుకోవడంలో పెట్టినా ఎన్నో ప్రమాదాలు తప్పుతాయని నా గట్టి నమ్మకం.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు కాబట్టి గండిపేట వైపు సర్వీస్ రోడ్డు మీద నడిపాం. ఖాళీ దొరికాక అరవైలో కుడి అరచేత్తో హ్యాండిల్‌ని కొంచెం ముందుకి నొక్కి చూడరా అన్నాను. నొక్కాడు, అంత బరువైన బండీ వెంటనే కుడికి వాలిపోయింది, వదిలితే మళ్లీ నిటారుగా లేచింది. వాడి మొహం వెలిగిపోయింది.

టెస్ట్ రైడ్‌కి వెళ్లేవాళ్లు బండెక్కే ముందు వెనక టైరు మీద చెయ్యి పెట్టి చూడండి. సిటీలో తిన్నగా తిరిగి తిరిగి మధ్యలో చదునుగా అరిగిపోయిన టైరైతే, బండి ముందు వాలనని మొరాయించి తర్వాత ఒక్కసారిగా వాలిపోతుంది. ముందు టైరులో గాలి తగ్గినా హ్యాండిల్ బరువెక్కుతుంది. గాలి చూపించమని అడగండి, టైరు అరిగి ఉంటే ఇంకో డెమో బండి ఇమ్మనండి.