ఎర్రమట్టి దిబ్బలకు ఆ ఎరుపు ఎక్కడిది?

"రోడ్డుకి అవతల బీచ్ ఇసుక మామూలుగానే ఉంటుంది, ఇవతల దిబ్బలేమో ఇటుక రంగులో ఉంటాయి. రెండూ ఇసుకే కదా, మరి ఎందుకిలా?" అని విశాఖ నుంచి ఒక టీచర్ గారు అడిగారు. ఎంత మంచి ప్రశ్నో! భీమిలి దారిలో అక్కడ ఆగేవాళ్లలో చాలామంది ఫోటోలు దిగి వెళ్లిపోతారు, ఈ తేడా దగ్గర ఆగరు.

దిబ్బ కింద రాలిన ఇసుక చిటికెడు అరచేతిలో వేసుకుని, నాలుగు చుక్కల నీళ్లు పోసి బాగా రుద్దండి. నీళ్లు ఎర్రబడతాయి. గింజల్ని భూతద్దంలో చూస్తే, పూత ఊడిన చోట గాజులా మెరిసే క్వార్ట్జ్ కనిపిస్తుంది. అచ్చం అక్షింతలే! లోపల బియ్యం తెల్లగానే ఉంటుంది, పసుపు పైన పడుతుంది. ఇక్కడ పసుపు బదులు హెమటైట్ అనే ఇనుము ఆక్సైడ్, దానికి తోడు సన్నటి బంకమన్ను.

ఆ ఇనుము తూర్పు కనుమలది. అక్కడి ఖొండలైట్ రాళ్లలో గార్నెట్ అనే ఖనిజం దండిగా ఉంటుంది. గార్నెట్‌లో ఇనుము ఫెర్రస్ రూపంలో, అంటే నీటిలో కరగగల రూపంలో ఉంటుంది. ఇసుకలో కలిసిన గార్నెట్ గింజ వాన తడికి శిథిలమై ఆ ఇనుము బయటపడుతుంది, గాలిలోని ఆక్సిజన్ తగిలి ఫెర్రిక్‌గా మారుతుంది. ఫెర్రిక్ నీటిలో దాదాపు కరగదు కాబట్టి దూరం పోలేక పక్క గింజకే అంటుకుంటుంది. పొడి బియ్యానికి పసుపు పట్టదు, నీళ్లు ఎక్కువైతే కారిపోతుంది. కాస్త తడి చేసి ఆరబెట్టాలి. మన వానాకాలం, మన ఎండాకాలం వేల ఏళ్లుగా చేస్తున్నది ఇదే. బీచ్ గింజకు ఆ తీరిక లేదు, అలలు దాన్ని రుద్దుతూనే ఉంటాయి. ఇదీ ఒక రకం తుప్పే. బడిలో తుప్పు అనగానే మేకు బొమ్మ వేస్తారు. ఒక్కసారి పిల్లల్ని ఇక్కడికి తీసుకొస్తే జన్మలో మర్చిపోరు.

ఇంత ఇసుక ఎలా వచ్చిందంటే, సుమారు 20,000 ఏళ్ల క్రితం, చివరి మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందకి దిగింది. తేలిన సముద్రపు అడుగు నుంచి గాలి ఇసుకను ఎత్తి పోసింది. అదీ ఒక్క విడతలో కాదు. పైన లేత పసుపు పొర, దాని కింద ఇటుక ఎరుపు, ఆ కింద గట్టి ఉండలున్న ముదురు గోధుమ ఎరుపు, అట్టడుగున మళ్లీ పసుపు. వానలు కోసిన గెడ్డల్లో, అంటే వాగు దారుల్లో, దిగి నడిస్తే ఈ పొరలు పక్కనే కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్తే అడుగు ఇసుకలో తొండల జాడలు కూడా చూడొచ్చు. గోడలు మాత్రం ఎక్కకండి, ఇట్టే విరిగిపోతాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కిన చోటు ఇది.

ఇక వయసు. క్వార్ట్జ్ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు చిక్కుకునే చిన్న లోపాలుంటాయి, వాటిని ఎలక్ట్రాన్ ఉచ్చులంటారు. ఎండ తగిలితే అవి ఖాళీ అవుతాయి. గింజ పూడిపోయాక, చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం వెదజల్లే రేడియేషన్‌తో అవి మళ్లీ నిండుతాయి. అందుకే నమూనాకు వెలుగు సోకకుండా గోడలోకి గొట్టం దిగ్గొట్టి తీస్తారు. ల్యాబ్‌లో మసక ఎర్ర దీపం కింద గింజలు ఏరి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో పైపొర తొలగిస్తారు. ఆ పసుపంతా వదిలిపోయాక, తెల్ల గింజ మీద నీలి కాంతి వేస్తే, ఉచ్చుల్లోని ఎలక్ట్రాన్లు బయటపడి అది వెలుగుతుంది. ఆ వెలుగు మేరను బట్టి ఎన్నేళ్ల కింద పూడిందో లెక్కగడతారు.