చాప మీద కునికిపాట్లు: చర్చి పిల్లల మనసు గురించి అపోహలు - వాస్తవాలు

గోదావరి జిల్లాల్లో సండే స్కూలు టీచరుగా మొదలుపెట్టాను. తరువాత పిల్లల కౌన్సెలింగ్ చదువుకున్నాను. ఇప్పుడు రెండు పనులూ చేస్తున్నాను. చర్చిలో పిల్లల గురించి వినిపించే కొన్ని మాటలు ఎన్నేళ్లయినా మారడం లేదు. ఒకప్పుడు నేనూ నమ్మినవి వాటిలో ఉన్నాయి.

అపోహ: ప్రార్థన ఉన్న ఇంట్లో పిల్లలకు దిగులు ఉండదు. ఉందంటే విశ్వాసం తక్కువైనట్టే.

తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు ప్రతి ఆదివారం చాప మీద కునికిపాట్లు పడేవాడు. కంఠత వాక్యం ఒక్కటీ అప్పజెప్పేవాడు కాదు. రెండుసార్లు నేనే లేపి నిలబెట్టాను. మూడో వారం వాడి అమ్మమ్మ అసలు సంగతి చెప్పింది. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. అక్కడ పని తెమిలి ఆమె ఫోను పట్టుకునేసరికి రాత్రి పది గంటలు, అంటే మనకు పన్నెండున్నర. శనివారం రాత్రి ఆ ఫోను కోసం వీడు మేలుకునే ఉంటాడు. ‘ఏడవకు నాన్నా, దేవుడు చూసుకుంటాడు’ అని ఇంట్లో అందరూ అన్నారు. వాడు ఏడుపు మానేశాడు, పక్క తడపడం మొదలుపెట్టాడు.

పిల్లల దిగులు చాలాసార్లు మాటల్లోకి రాదు. కడుపునొప్పిగానో, చిరాకుగానో, తడిసిన పక్కగానో బయటపడుతుంది. ఆరు నెలలకు పైగా పక్క తడపని బిడ్డ మళ్లీ మొదలుపెడితే ముందు డాక్టరుకు చూపించాలి. మూత్రంలో ఇన్ఫెక్షను, షుగరు లేవని తేలాక మనసు సంగతి చూడాలి.

ఇక విశ్వాసం మాటకు వస్తే, బైబిల్లోని ఏలీయాను గుర్తు చేసుకోండి. చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడుకున్న ప్రవక్తను దూత ఒక్క మాటైనా తప్పుపట్టలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ‘ఇక్కడేం చేస్తున్నావు’ అన్న దేవుడి ప్రశ్న ఆ తరువాత హోరేబు కొండ దగ్గర వస్తుంది. నేను ఆ వరుస తప్పాను. ఆ పిల్లవాడు ఎందుకు నిద్రపోతున్నాడో అడగకుండా నిలబెట్టాను.

అపోహ: బెత్తం వాడమని బైబిలే చెప్పింది.

బైబిల్లోని సామెతల గ్రంథం 13:24లో బెత్తం అన్న చోట హెబ్రీ మూలంలో ఏ మాట ఉందో, 23వ కీర్తనలో దుడ్డుకర్ర అన్న చోటా అదే మాట ఉంది. ‘నన్ను ఆదరించును’ అని దావీదు చెప్పుకున్నది ఆ కర్ర గురించే. కాపరి దానితో మందను కాస్తాడు, దారి మళ్లిస్తాడు. ‘మరి సామెతలు 23లో కొట్టమనే ఉంది కదా’ అని నన్ను నిలదీసినవారు ఉన్నారు. ఉంది, కాదనను. మొండి కొడుకును రాళ్లతో కొట్టి చంపమని ద్వితీయోపదేశకాండం 21లోనూ ఉంది. దాన్ని మనం అక్షరాలా పాటించం. పాటించేవాటిలో ‘మీ పిల్లలకు కోపము రేపక’ అన్న ఎఫెసీయులకు 6:4 కూడా ఉండాలి కదా? పైగా ఆ మాట తండ్రులకు చెప్పింది.

బడిలో కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 2009లోనే నిషేధించింది. ‘సండే స్కూలు బడి కాదుగా’ అని వాదించిన టీచరునూ చూశాను.

అపోహ: మనం మాట్లాడుకునే భక్తి మాటలు పిల్లలకు అర్థమవుతాయి.

ఆరేళ్ల పాప రాత్రి పడుకోనని గొడవ చేస్తోందని తల్లి తీసుకొచ్చింది. బొమ్మ గీయమంటే మంచం గీసింది, దాని చుట్టూ పూలు పెట్టింది. రెండు నెలల కింద వాళ్ల తాతయ్య పోయారు. ఇంటికి వచ్చినవారంతా ‘తాతయ్య ప్రభువునందు నిద్రించారమ్మా’ అన్నారు. నిద్రపోతే పెట్టెలో పెడతారని పాప అర్థం చేసుకుంది. ఈ వయసులో మాటకు ఉన్న అర్థమే అర్థం. ‘దేవుడికి ఇష్టమై తీసుకెళ్లాడు’ అన్నా ఇదే చిక్కు, తరువాత ఎవరిని తీసుకెళతాడోనని భయపడతారు. తాతయ్య చనిపోయారు, ఆయన శరీరం ఇక పనిచేయదు, నొప్పి ఉండదు అని ముందు చెప్పండి. పునరుత్థానం గురించి ఆ తరువాత చెప్పండి. ముందు చెప్పింది అర్థమైతేనే రెండోది ఆదరణ అవుతుంది.

వి.బి.ఎస్.లో, అంటే సెలవుల్లో చర్చి పిల్లలకు పెట్టే బైబిలు తరగతుల్లో, నరకం మంటల బొమ్మలు చూపించి, యేసును నమ్ముతామని చేతులెత్తించే పద్ధతి నాకు ఇష్టం లేదు. భయపడిన పిల్లలు ఏది అడిగినా చేయెత్తుతారు. క్రైస్తవేతర ఇళ్ల పిల్లలు పాటల కోసం, బిస్కట్ల కోసం వస్తారు, రానివ్వండి. కానీ అక్కడ ఏం చెబుతున్నామో వాళ్ల అమ్మానాన్నలకు ముందే తెలియాలి.

అపోహ: పిల్లల బాధను సాక్ష్యంగా చెప్పిస్తే పదిమందికి మేలు.

తండ్రి తాగి కొట్టే సంగతి బిడ్డ చేత చర్చిలో అందరి ముందు మైకులో చెప్పిస్తారు. సోమవారం ఆ బిడ్డ అదే ఊరి బడికి వెళ్లాలి. ప్రార్థన విన్నపాల చీటీలో పేరు చదవడమూ అంతే.

అపోహ: లైంగిక వేధింపు లాంటి విషయాలు సంఘంలోనే పరిష్కరించుకోవాలి.

కుదరదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమే నేరం. అందుకే ‘ఎవరికీ చెప్పనని ఒట్టేయండి’ అని బిడ్డ అడిగితే నేను ఒట్టు వేయను. ‘నిన్ను కాపాడగలిగినవారికి మాత్రం చెబుతాను’ అంటాను. కొందరు పిల్లలు అక్కడితో చెప్పడం ఆపేస్తారు. అయినా అబద్ధం ఆడను. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. మనసు బాగోకపోతే మాట్లాడడానికి టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

అపోహ: శూన్యంలోకి చూస్తూ ఉండిపోతే దయ్యం పట్టినట్టే.

కొన్ని సెకన్లపాటు పిలిచినా పలకకుండా చూస్తూ ఉండిపోవడం మూర్ఛలో ఒక రకం కావచ్చు. డాక్టరు మందులిస్తారు. ప్రార్థన ఆపమని నేను ఎవరికీ చెప్పలేదు, మందులు మాత్రం ఆపనివ్వను.

కువైట్ తల్లి కొడుకు సంగతి చెప్పలేదు కదా. ఆమె ఇప్పుడు వంట మధ్యలో రెండు నిమిషాలు గొంతు రికార్డు చేసి పంపుతోంది. ‘ఏం తిన్నావు, చెల్లిని కొట్టావా’ లాంటి మాటలు, చివర చిన్న ప్రార్థన. వాడు తొమ్మిదింటికి అది విని పడుకుంటాడు. పక్క తడపడం తగ్గడానికి నెలలు పట్టింది. మొన్న ఆదివారం కంఠత వాక్యం సగం చెప్పి ఆగాడు. మిగతా సగం పక్కనున్న పాప గుసగుసగా అందించింది. నేను విననట్టు ఊరుకున్నాను.