లూయిస్ - హారిస్ దీవికి జంటగా వెళ్తున్నారా? అపోహలు - వాస్తవాలు

స్కాట్లాండ్ వాయవ్య తీరానికి అవతల, అట్లాంటిక్ గాలికి ఎదురుగా నిలబడ్డ దీవి లూయిస్ - హారిస్. లస్కెంటైర్ బీచ్ ఫొటో చూసి మనసు పారేసుకుని, నాలుగు రోజుల సెలవు పెట్టుకుని, "రోజుకి ఐదు స్పాట్లు వచ్చేలా ప్లాన్ వేయండి" అని అడిగే జంటలే ఎక్కువ. ప్రయాణాలు కుదిర్చే పనిలో ఉన్న మేం వాళ్లకి మొదట చెప్పే మాట ఒకటే: ఇక్కడ ఏ రోజు ఏం చూడాలో గాలి చెబుతుంది. దానికి తగ్గట్టు రోజులు అటూ ఇటూ మార్చుకునేవాళ్లకి దీవి నిండుగా దక్కుతుంది. గంటల లెక్కన జాబితా రాసుకుని వెళ్లినవాళ్లకి సగమే దక్కుతుంది.

అపోహ: షెంగెన్ వీసా ఉంటే చాలు.

చాలదు. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు. స్కాట్లాండ్ యూకేలో భాగం, యూకే ఎప్పుడూ షెంగెన్‌లో లేదు. యూకే వీసా ఉంటే స్కాట్లాండ్‌కి వేరే వీసా అక్కర్లేదు. ఫెర్రీ ఎక్కేటప్పుడు ఇమిగ్రేషన్ కూడా ఉండదు.

అపోహ: లూయిస్ ఒక దీవి, హారిస్ ఇంకో దీవి. మ్యాప్‌లో చిన్నగానే ఉన్నాయి, ఒక్క రోజులో రెండూ చుట్టేయొచ్చు.

నేల ఒక్కటే. ఉత్తరాన చదునుగా, తడి పీట్ నేలతో (కుళ్లిన మొక్కలు పేరుకున్న మెత్తటి మట్టితో) పరుచుకున్నది లూయిస్. దక్షిణాన కొండలతో, రాళ్లతో ఉన్నది హారిస్. నడుమ కొండలు అడ్డంగా ఉండటంతో రెండు పేర్లు స్థిరపడ్డాయి. ఉత్తర కొసన ఉన్న బట్ ఆఫ్ లూయిస్ లైట్‌హౌస్ నుంచి దక్షిణాన లెవర్‌బరా దాకా దాదాపు 85 మైళ్లు. ఎక్కడా ఆగకపోయినా రెండున్నర గంటలు పడుతుంది, ఫొటోలకి ఆగుతూ వెళ్తే రోజంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. రెండు రాత్రులు లూయిస్‌లోని పెద్ద ఊరు స్టోర్నవే వైపు, రెండు రాత్రులు హారిస్ వైపు బస పెట్టుకోవడం మేలు. పొద్దున్నే గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చూసి, కొండల చాటున ఉన్న తీరానికి వెళ్లే వీలు అప్పుడే ఉంటుంది.

ఇదే చోట ఇంకో పొరపాటు జరుగుతుంటుంది: పేర్లు. టార్బర్ట్ అనే ఊరు హారిస్‌లో ఒకటి, ప్రధాన భూభాగంలో ఆర్గైల్ ప్రాంతంలో ఇంకొకటి. ఊయిగ్ అనే పేరూ అంతే. హారిస్‌కి ఫెర్రీ బయల్దేరే ఊయిగ్ స్కై దీవిలో ఉంది, 1831లో చదరంగం పావులు దొరికిన ఊయిగ్ లూయిస్ పడమటి తీరంలో ఉంది. నావిగేషన్‌లో ఉత్త పేరు కొట్టి బయల్దేరితే వేరే ఊళ్లో తేలతారు. పోస్ట్‌కోడ్‌తో కొట్టండి. దీవిలో రోడ్డు బోర్డుల మీద ఇక్కడి స్థానిక భాష గేలిక్‌లో రాసిన పేర్లే ముందుంటాయి. సిగ్నల్ లేని చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి మ్యాప్‌ని ముందే ఫోన్‌లోకి దించుకోండి.

అపోహ: ఎండ కాస్తుంటే ఫెర్రీ నడుస్తుంది.

ఫెర్రీని ఆపేది వాన కంటే గాలి, కెరటం. ప్రధాన భూభాగంలోని ఉల్లాపూల్ నుంచి స్టోర్నవేకి రెండున్నర గంటలకి పైనే ప్రయాణం, స్కైలోని ఊయిగ్ నుంచి టార్బర్ట్‌కి సుమారు గంటా నలభై నిమిషాలు. నడి సముద్రంలో ఓడ తట్టుకోగలిగిన గాలి కూడా రేవులో ఓడని గట్టుకి చేర్చేటప్పుడు పక్కనుంచి తోస్తే ప్రమాదమే. అందుకే ఆకాశం నీలంగా ఉన్న రోజున కూడా "రద్దు" అని మెసేజ్ వస్తుంది.

రద్దయితే టికెట్ మార్చుకోవచ్చు, లేదా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. నడిచి ఎక్కేవాళ్లకి తర్వాతి ఓడలో చోటు తేలిగ్గానే దొరుకుతుంది. చిక్కంతా కారుతోనే, ఎందుకంటే వేసవిలో కార్ల డెక్ వారాల ముందే నిండిపోతుంది. అందుకని మూడు జాగ్రత్తలు. కారు స్లాట్ ఖాయమయ్యాకే హోటల్ బుక్ చేయండి. అద్దె కారైతే ఫెర్రీ ఎక్కించడానికి ఆ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో రాతపూర్వకంగా కనుక్కోండి, ఒప్పుకోకపోతే దీవిలోనే కారు అద్దెకి తీసుకోండి. దీవి నుంచి తిరిగొచ్చిన రోజునే ఇండియా ఫ్లైట్ పెట్టుకోకండి, నడుమ ఒక రాత్రి ఇన్వర్నెస్‌లోనో గ్లాస్గోలోనో ఉండండి.

ఓడ కదిలాక కార్ల డెక్‌కి తాళం పడుతుంది. జాకెట్, మందులు, మంచినీళ్లు ముందే పైకి తెచ్చుకోండి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మాత్రని ఓడ ఊగడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు, చీటీ మీద రాసినంత ముందుగానే వేసుకోవాలి. ఓడకి మధ్యలో, కింది అంతస్తులో కూర్చుని ఫోన్ పక్కన పెట్టి, దూరాన నీళ్లూ ఆకాశం కలిసే గీతని చూస్తూ ఉంటే తిప్పడం తగ్గుతుంది.

అపోహ: జులైలో వెళ్తున్నాం, గొడుగు, స్వెటర్ ఉంటే సరిపోతుంది.

స్టోర్నవేలో జులై పగటి వేడిమి సగటున 16 డిగ్రీలు. అంకె చూసి అరకు చలికాలంలా ఉంటుందనుకుంటారు, కానీ గాలి తోడైతే ఒంటికి తెలిసే చలి వేరు. వాన నిలువుగా పడదు, పక్కనుంచి కొడుతుంది. గొడుగు రెండు నిమిషాల్లో వెనక్కి తిరగబడి ఊచలు విరుగుతాయి. కావల్సింది నీళ్లు లోపలికి రానివ్వని జాకెట్, దాని హుడ్‌కి ముందు గట్టి అంచు, ముఖం చుట్టూ బిగించుకునే తాడు. తాడు లేని హుడ్ గాలికి వెనక్కి పోతుంది, జాకెట్ ఎంత ఖరీదైనదైనా మెడలోంచి నీళ్లు దిగుతాయి. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు మర్చిపోకండి. పీట్ నేల పైకి గట్టిగా కనిపించి చీలమండ దాకా దిగబడుతుంది, స్పోర్ట్స్ షూ ఒక్క గంటలో తడిసి ముద్దవుతుంది.

వెదర్ యాప్‌లో గాలికి రెండు అంకెలుంటాయి. సగటు వేగం ఒకటి, ఉన్నట్టుండి తోసే విసురు ఇంకోటి. మీరు చూడాల్సింది రెండోది. గంటకి 39 నుంచి 46 మైళ్లు, అంటే 62 - 74 కిలోమీటర్ల నిలకడ గాలిని ఇక్కడ "గేల్" అంటారు. విసురు 40 మైళ్లు దాటేలా ఉంటే కొండ చరియల అంచులు ఆ రోజుకి మానేయండి. బట్ ఆఫ్ లూయిస్ దగ్గర 1862లో కట్టిన 37 మీటర్ల ఎర్ర ఇటుకల లైట్‌హౌస్ ఉంది, గాలికి పేరుమోసిన చోటు. అక్కడ గాలికి ఎదురుగా ఒరిగి ఫొటో దిగాలని చాలామందికి సరదా. గాలి ఒక్క క్షణం ఆగిందంటే ముందుకు పడిపోతారు. నేల మీంచి సముద్రం వైపు గాలి వీచే రోజున అంచుకి బాగా దూరంగా ఉండండి.

చీరలో ఫొటోలు దిగాలనుకుంటే తప్పకుండా దిగండి, ఆ వెలుగులో పట్టు రంగులు చాలా బాగా వస్తాయి. లోపల థర్మల్స్ వేసుకుని, పవిటకి భుజం దగ్గర రెండు, నడుము దగ్గర ఒకటి పిన్నులు పెట్టండి. కుచ్చిళ్లకి కింద అంగుళం ఎత్తున ఇంకో పిన్ను. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా సాగదీయకండి. నడి కడ్డీకి బరువైన బ్యాగ్ తగిలించండి, కానీ అది నేలకి ఆనాలి. గాల్లో వేలాడితే బ్యాగే ఊగి కెమెరాని కదిలిస్తుంది. లెన్స్ మీద ఉప్పు తుంపర పడితే పొడి గుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. ముందు తడి చేసి, తర్వాత తుడవండి.

అపోహ: ఇండియాలో నడిపినవాళ్లకి ఇక్కడ డ్రైవింగ్ ఒక లెక్కా?

ఎడమ వైపే నడపాలి, విజిటర్లు ఇండియా లైసెన్స్‌తో 12 నెలల దాకా నడపొచ్చు. అంతవరకు తేలికే. హారిస్ తూర్పు తీరంలోని గోల్డెన్ రోడ్ లాంటి చోట్ల మాత్రం రోడ్డు ఒక్క కారు పట్టేంతే ఉంటుంది. ఎదురుగా బండి వస్తే దగ్గర్లోని పాసింగ్ ప్లేస్‌లో, అంటే బండ్లు తప్పుకోవడానికి రోడ్డు పక్కన వెడల్పు చేసిన చోట, ఆగాలి. అది మీ ఎడమకి ఉంటే అందులోకి దిగండి, కుడికి ఉంటే మీ వరసలోనే దాని ఎదురుగా ఆగండి, అవతలి బండి అందులోకి దిగి వెళ్తుంది. కుడివైపు దానిలోకి మీరే దూరితే ఇద్దరూ ముఖాముఖి ఇరుక్కుంటారు. వెనకాల స్థానికుల బండి తొందరలో ఉంటే అక్కడే ఆగి దారివ్వండి. ఫొటో కోసం పాసింగ్ ప్లేస్‌లో బండి నిలపడం మాత్రం పెద్ద తప్పు, అంబులెన్స్‌కైనా అదే దారి.

అద్దె కార్లకి ఇక్కడ ఎక్కువగా జరిగే నష్టం తలుపు దగ్గరే. బండి వెనక వైపు నుంచి గాలి కొడుతున్నప్పుడు తలుపు కాస్త తెరిస్తే చాలు, చేతిలోంచి లాక్కుని ముందుకి విరిచేస్తుంది, మడతబందు వంగిపోతుంది. ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా పార్క్ చేయండి, అప్పుడు గాలే తలుపుని మూసిపెడుతుంది. ఒకరు దిగి తలుపు వేశాకే రెండోవాళ్లు దిగాలి. రెండు పక్కలా ఒకేసారి తెరిస్తే టికెట్లు, టోపీలు పక్క పొలంలో ఏరుకోవాలి. ఇన్సూరెన్స్‌లో గాలికి విరిగిన తలుపు ఉందో లేదో అడిగి చూసుకోండి.

టార్బర్ట్‌లో డిస్టిలరీ చూసి వచ్చేవాళ్లకి ఒక మాట. స్కాట్లాండ్‌లో డ్రంక్ డ్రైవింగ్ పరిమితి 2014 డిసెంబర్ నుంచి ఇంగ్లండ్ కంటే తక్కువ, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే. నడిపేవాళ్లు అసలు ముట్టకండి.

అపోహ: లస్కెంటైర్ ఫొటోల్లో రంగులన్నీ ఎడిటింగ్.

ఆ రంగు నిజమే. అక్కడి ఇసుకలో నలిగిన గవ్వల, ఆల్చిప్పల పొడి ఎక్కువ. ఆ తెల్లటి అడుగు మీద లోతులేని నీళ్లు పచ్చగా మెరుస్తాయి. ఆ గవ్వపొడే గాలికి ఎగిరి లోపలి నేల మీద పరుచుకుని, జూన్ - జులైలలో పూలతో నిండే "మాఖర్" మైదానాలని చేసింది. వాటి మీద బండి ఎక్కించకండి, పలచటి గడ్డి చిరిగితే గాలి ఇసుకని ఎత్తుకుపోతుంది. నీళ్లు మాత్రం వేసవిలో కూడా 13 - 14 డిగ్రీలే, మోకాళ్ల దాకా దిగి వచ్చేయండి. పార్కింగ్ చిన్నది, పక్కనే ఊరి శ్మశానం ఉంది. అక్కడ బండి అడ్డం పెట్టకండి, గట్టిగా మాట్లాడకండి.

అపోహ: కాలనిష్ రాళ్లు బుల్లి స్టోన్‌హెంజ్.

లూయిస్ పడమటి వైపున్న కాలనిష్ నిలువు రాళ్ల వలయం సుమారు 4,900 ఏళ్ల నాటిది, ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్లకంటే ముందుది. 13 రాళ్ల వలయం, నడుమ 4.8 మీటర్ల రాయి, నాలుగు వైపులా బారులు తీరిన రాళ్లు. 1857లో పైన పేరుకున్న పీట్ దాదాపు మీటరున్నర మేర తవ్వి తీస్తేగాని వాటి పూర్తి ఎత్తు బయటపడలేదు. రాళ్ల మధ్యలో నడవొచ్చు. దగ్గరికెళ్లి చూడండి: బూడిద రంగులో ఉండే నైస్ (gneiss) అనే రాయిలో తెల్లటి, నల్లటి చారలు చెక్క ఈనెల్లా మెలికలు తిరిగి ఉంటాయి. ఈ నైస్ దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిది. బస్సులు వెళ్లిపోయాక రండి. జూన్‌లో రాత్రి పదిన్నర దాకా వెలుగుంటుంది, తొమ్మిది గంటల ఏటవాలు వెలుగులో ఆ చారలు చేత్తో తడిమినంత స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్క కిలోమీటరు దూరంలో ఇంకో రెండు చిన్న వలయాలున్నాయి, అక్కడ తరచూ మీరిద్దరే ఉంటారు.

అపోహ: హారిస్ ట్వీడ్ అంటే ఒక డిజైన్ పేరు.

అది ఇక్కడి ఉన్ని బట్టకి చట్టం కాపాడే పేరు. 1993 నాటి హారిస్ ట్వీడ్ చట్టం ప్రకారం, ఉన్నికి రంగు అద్దడం, వడకడం, చివరి పని అంతా ఔటర్ హెబ్రిడీస్‌లోనే, అంటే లూయిస్ - హారిస్ ఉన్న దీవుల వరసలోనే జరగాలి. నేత మాత్రం దీవి మనుషుల ఇళ్లలో, కాలితో తొక్కే మగ్గం మీదే జరగాలి. మంగళగిరి, పోచంపల్లి ఇళ్లలో మగ్గం చప్పుడు తెలిసినవాళ్లకి ఇక్కడి షెడ్ల ముందు నిలబడితే పరిచయమైన చప్పుడే వినిపిస్తుంది. అసలుదో కాదో తెలియాలంటే బట్ట వెనక వైపు గోళం మీద శిలువ ఉన్న ఆర్బ్ ముద్ర, విడిగా అంకె వేసిన లేబుల్ చూడండి. ఒక పోగు లాగి వెలుగులో పెట్టండి. దూరానికి ఆకుపచ్చగా కనిపించిన దాంట్లో నారింజ, నీలం, పసుపు వెంట్రుకలు కనిపిస్తాయి, ఎందుకంటే రంగు అద్దిన ఉన్నినే కలిపి దారం తీస్తారు. నేతగాళ్లు పనిలో ఉంటే వాకిట్లోంచి పలకరించి, రమ్మంటేనే లోపలికి వెళ్లండి.

అపోహ: ఆదివారం కూడా మామూలు రోజే.

ఇక్కడ ఆదివారం విశ్రాంతి రోజు, చాలామంది నిష్ఠగా పాటిస్తారు. స్టోర్నవేకి ఆదివారం ఫెర్రీ మొదలైంది 2009లో, అక్కడి పెద్ద సూపర్‌మార్కెట్ ఆదివారం తెరవడం 2024లో. హారిస్ వైపు ఇప్పటికీ దుకాణాలు, కేఫ్‌లు దాదాపు అన్నీ మూతే. శనివారం సాయంత్రానికే పెట్రోలు, పాలు, బ్రెడ్డు, కూరగాయలు చూసుకోండి. బీచ్‌లకి, రాళ్లకి తాళాలుండవు, ఆదివారం వాటికి పెట్టుకోండి. చర్చిలో గేలిక్ కీర్తనలు వినడానికి కొత్తవాళ్లనీ ఆదరిస్తారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అలలా అందుకుంటారు, వాయిద్యం ఉండదు.

శాకాహారులు వంటగది ఉన్న బస తీసుకుని బియ్యం, పప్పు, పోపుడబ్బా వెంట తెచ్చుకుంటే హాయి. అల్పాహారంలో నల్లగా గుండ్రటి ముక్క కనిపిస్తే అది స్టోర్నవే బ్లాక్ పుడ్డింగ్. అందులో రక్తం, గొడ్డు కొవ్వు ఉంటాయి, వద్దంటే ముందే చెప్పండి.

అపోహ: దోమల్లాంటి మిడ్జ్ పురుగుల బాధ దీవంతా ఉంటుంది.

గాలి గంటకి ఏడు మైళ్లు దాటితే అవి ఎగరలేవు. తీరంలో బాధ తక్కువ. గాలి పూర్తిగా పడిపోయిన సాయంత్రం, నీటి చెలమల దగ్గర మాత్రం ముఖం కప్పుకోవాలి.

అపోహ: సెయింట్ కిల్డా బోటు బుక్ చేశాం, చూసినట్టే.

1930 ఆగస్టు 29న చివరి 36 మంది ఊరు ఖాళీ చేసి వెళ్లిన దీవులవి. ఇక్కణ్నుంచి పడమరగా అట్లాంటిక్‌లో ఉన్నాయి, చిన్న బోట్లలో ఒక్కో వైపు సుమారు మూడు గంటలు. అక్కడికి చేరినా దిగడం ఖాయం కాదు. ఊరి ముందున్న అఖాతం ఆగ్నేయానికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి, ఆ వైపు నుంచి గాలి వీస్తే చిన్న పడవలోకి మారి గట్టు ఎక్కడం కుదరదు. బుక్ చేసేటప్పుడే మొదటి రోజుతో పాటు వరసగా ఇంకో రోజు రిజర్వుగా ఇస్తారేమో అడగండి, ఆ రెండు రోజులూ యాత్ర మొదట్లోనే ఉండేలా చూసుకోండి. ముందురోజు సాయంత్రం కెప్టెన్ ఫోన్ చేసి "రేపు వెళ్లడం లేదు" అంటే, కారు తీసుకుని హారిస్ దక్షిణ కొసన ఉన్న రోడెల్‌కి వెళ్లండి. అక్కడి సెయింట్ క్లెమెంట్స్ చర్చిలో 1528 నాటి సమాధి మీద చెక్కిన ఓడ ఉంది. తెరచాప, తాళ్లు, తెడ్ల కన్నాలతో సహా రాతిలో కనిపిస్తుంది.