క్షమించమంటారు, కేసు వద్దంటారు: లైంగిక గాయాలపై సంఘాల్లో వినే అపోహలు

మిషన్ ఆస్పత్రిలో కౌన్సెలర్‌గా పనిచేస్తాను. అత్యాచారానికి గురైనవాళ్ళు, చిన్నప్పుడు ఇంట్లోనో హాస్టల్లోనో లైంగిక హింస అనుభవించినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. ఎక్కువమంది క్రైస్తవ సంఘాల నుంచే. వాళ్ళతోపాటు పాస్టర్ అయ్యగారో, ఆయన భార్య అమ్మగారో, సంఘ పెద్దో ఎవరో ఒకరు వస్తారు. కుర్చీలో కూర్చోకముందే వాళ్ళు అడిగేది ఒకటే: "క్షమించమని మీరైనా చెప్పండి మేడమ్. మా మాట వినట్లేదు."

ఇన్నేళ్ళుగా ఇదే మాట విని విని ఇది రాస్తున్నాను.

అపోహ: క్షమించేస్తే గాయం మానిపోతుంది. క్షమించినవాళ్ళు కేసు పెట్టకూడదు.

ఈ ఒక్క మాట చేసినంత నష్టం మా దగ్గర ఇంకేదీ చేయలేదు. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

మామూలుగా జరిగేది ఇదీ. పెద్దలు ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడతారు. అతను ఏడుస్తాడు, మోకాళ్ళ మీద పడతాడు. ఆ అమ్మాయిని "క్షమించాను" అనమంటారు. చుట్టూ అందరూ తన నోటి వంకే చూస్తుంటే అనక ఏం చేస్తుంది? అంటుంది. ప్రార్థన చేసి లేస్తారు. వచ్చే ఆదివారం అతను ఎప్పటిలాగే ఆరాధనలో ముందు నిలబడి పాడతాడు. ఆ అమ్మాయి మందిరానికి రావడం మానేస్తుంది. కొన్నాళ్ళకు "విశ్వాసంలో చల్లబడిపోయింది" అని ఆమె కోసమే ప్రార్థన పెడతారు.

వాస్తవం: క్షమించడం వేరు, ఫిర్యాదు చేయడం వేరు. క్షమించడం ఆమెకూ దేవునికీ మధ్య జరిగేది. అది ఎప్పుడు జరగాలో, ఎలా జరగాలో ఆమె తప్ప ఇంకొకరు నిర్ణయించలేరు. ఫిర్యాదు నేరానికి సంబంధించినది. ఆమె క్షమించినా నేరం నేరమే, మర్నాడు అతను వేరే పిల్లల పక్కన కూర్చుంటాడన్న ప్రమాదం ప్రమాదమే. మనసారా క్షమించి, కోర్టులో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పిన విశ్వాసులు నాకు తెలుసు. వాళ్ళ భక్తికి ఏ లోటూ రాలేదు.

పెద్దలు నా ముందు వాక్యాలు తీస్తారు. మొదటిది మత్తయి 18: నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమన్నాడు కదా అని. పన్నెండేళ్ళ పిల్లను, తనను పాడుచేసిన మనిషి దగ్గరికి ఒంటరిగా పంపమని ఆ వాక్యానికి అర్థమా? అదే అధ్యాయంలో కాస్త పైకి వెళ్ళి ఆరో వచనం చదవండి. చిన్నపిల్లలను అభ్యంతరపరిచేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం వాడికి మేలని ప్రభువు అన్నది అక్కడే. రెండోది 1 కొరింథీ 6: సహోదరుని మీద వ్యాజ్యెం వేయకూడదని. అక్కడ పౌలు మాట్లాడుతున్నది విశ్వాసుల మధ్య వచ్చే తగాదాల గురించి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ పౌలే రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు, అపొస్తలుల కార్యములు 25లో ఉంది. మూడోది, అందరూ భయపెట్టడానికి వాడేది: "అభిషేకించబడినవారిని ముట్టకూడదు." తప్పు చేసినవాడు పాస్టర్ అయినప్పుడు ఇది తప్పకుండా వినిపిస్తుంది. తల్లిదండ్రులు శాపం తగులుతుందని వణికిపోతారు. ఆ భయాన్ని నేను తక్కువ చేసి చూడను, నిజంగానే నిద్రలేకుండా వస్తారు వాళ్ళు. వాళ్ళకు చెప్పేది ఒక్కటే. దావీదు కంటే పెద్ద అభిషిక్తుడు ఎవరు? ఆ రాజు వేరొకరి భార్య బత్షెబను తెచ్చుకున్నప్పుడు నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. నాతానుకు ఏ శాపమూ తగల్లేదు.

అసలు మన సంఘాల్లో ప్రసంగించాల్సింది 2 సమూయేలు 13. అమ్నోను జబ్బు నటించి చెల్లెలు తామారును గదికి రప్పించుకుంటాడు. ఆమె వద్దంటుంది, బతిమాలుతుంది, ఇశ్రాయేలులో ఇలాంటి పని చేయకూడదని చెబుతుంది. వినడు. అయ్యాక బయటికి గెంటించి తలుపు గడియ వేయిస్తాడు. ఆమె నెత్తిన బూడిద పోసుకుని, రంగురంగుల చీర చింపుకుని, ఏడుస్తూ వీధిలోకి వస్తుంది. అన్న అబ్షాలోము ఏమంటాడు? వాడు నీ అన్నే కదా, ఊరుకో అంటాడు. తండ్రి దావీదుకు కోపం వస్తుంది, కానీ ఏమీ చేయడు. రెండేళ్ళ తర్వాత అబ్షాలోము అమ్నోనును చంపిస్తాడు. ఇంట్లోనే సర్దుకుందామన్న ఆ నిర్ణయం ఎక్కడికి దారితీసిందో చూడండి. తామారు మాత్రం అన్న ఇంట్లో పాడైపోయినదానిలా ఉండిపోయింది. ఆమెకు ఏం కావాలని అడిగినవాళ్ళు ఆ అధ్యాయమంతా వెతికినా కనిపించరు.

ఇప్పుడు చట్టం. బాధితులు 18 ఏళ్ళలోపు అయితే పెద్దలు కూర్చుని తేల్చే అధికారమే లేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టర్లకు, సిస్టర్లకు, హాస్టల్ వార్డెన్లకు అందులో మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాళ్ళ నేరాన్ని దాచితే ఏడాది దాకా. మతసంస్థలో పనిచేసేవాడు అక్కడి బిడ్డపై అత్యాచారం చేస్తే దాన్ని చట్టం మరింత తీవ్రమైన నేరంగా లెక్కిస్తుంది. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 20 ఏళ్ళు. రాజీ పత్రాలు రాయించుకుంటారా? అత్యాచారం కేసుల్లో రాజీ అనే ఆలోచనే కుదరదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. ఒక టీచర్ మీది పోక్సో కేసును రెండు పక్షాలూ రాజీపడ్డాయని కొట్టేస్తే, ఆ ఉత్తర్వును 2024 నవంబర్లో రద్దు చేసింది.

పెద్దవాళ్ళయిన స్త్రీల విషయంలో ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం ఆమెదే. నేను తొందరపెట్టను, ఆపను. సంఘం కూడా ఆ రెండూ చేయకూడదు.

ఇంటర్ చదివే ఒక అమ్మాయి గురించి చెబుతాను, వివరాలు మార్చి. వాళ్ళమ్మ బైబిల్ ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంది. ఆ అమ్మాయి చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "అందరి ముందు క్షమించానని చెప్పాను అక్కా. అయినా రాత్రి అదే కళ్ళ ముందుకొస్తోంది. అంటే నేను క్షమించింది అబద్ధమా?" జరిగినదానికంటే ఈ ప్రశ్నే ఆ పిల్లను ఎక్కువ తినేస్తోంది. నిద్రలో అదిరిపడటం, వాసనకో చప్పుడుకో మళ్ళీ ఆ రోజులోకి వెళ్ళిపోవడం నరాల మీద పడ్డ దెబ్బకు గుర్తులనీ, వాటికీ విశ్వాసానికీ సంబంధం లేదనీ చెప్పాను. కాలు విరిగినవాడు క్షమించగానే ఎముక అతుక్కోదు కదా అన్నాను. వాళ్ళమ్మ అప్పుడు మొదటిసారి నోరు విప్పింది: "వాడి ఇంట్లో ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నారమ్మా." ఫిర్యాదు వెళ్ళింది ఆ మాట వల్లే. ఆ ఇంట్లో రెండో పిల్ల కూడా తర్వాత నోరు తెరిచింది.

అపోహ: ప్రార్థనలో కేకలు వేసి పడిపోయిందంటే దయ్యం పట్టినట్టే.

దీని మీద కూడా కాస్త ఆగాలి. స్వస్థత కూటాల్లో అడగకుండానే నెత్తిన చెయ్యి వేస్తారు, భుజాలు గట్టిగా పట్టుకుంటారు, చెవి దగ్గర గట్టిగా ప్రార్థిస్తారు. లైంగిక దాడికి గురైన మనిషికి, వెనక నుంచి ఒక మగచెయ్యి పడితే ఒళ్ళు అదే క్షణంలోకి వెళ్ళిపోతుంది. బిగుసుకుపోతుంది, విదిలించుకుంటుంది, అరుస్తుంది, కొందరు స్పృహ తప్పుతారు. దాన్ని దయ్యం అనుకుని ఇంకో నలుగురు పట్టుకుంటారు. ఒకావిడ మూడు రోజుల ఉపవాస కూటం అయ్యాక నా దగ్గరికి వచ్చింది. రెండు చేతుల మీదా పట్టుకున్న వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. ఆమెకు కావాల్సింది సైకియాట్రిస్టు, నిద్ర, తనను ముట్టుకోని మనుషులు.

ప్రార్థన వద్దనడం లేదు. నా గదిలోనూ ప్రార్థిస్తాను, వాళ్ళు అడిగితే. దూరంగా కూర్చుని, తలుపు ఓరగా తెరిచి, ఏ కుర్చీ కావాలో ఆమెనే ఎంచుకోమని, "చెయ్యి పట్టుకోవచ్చా" అని అడిగి. వద్దంటే పట్టుకోను. తన ఒంటి మీద తన మాట చెల్లుతుందని ఆమెకు మళ్ళీ తెలియడమే వైద్యంలో మొదటి మెట్టు.

మిగతావి వరుసగా.

"అరవలేదు, పారిపోలేదు, అంటే ఇష్టమే." కాదు. ప్రాణభయంలో ఒళ్ళు మొద్దుబారి కదల్లేకపోవడం చాలామందికి జరుగుతుంది. అరవకపోవడం ఒప్పుకోవడం కాదు. ద్వితీయోపదేశకాండము 22 చూడండి, పొలంలో దాడికి గురైన అమ్మాయిది తప్పు కాదని ధర్మశాస్త్రమే చెబుతోంది.

"మగపిల్లలకు ఇలాంటివి జరగవు." 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకం లైంగిక హింస ఎదుర్కొన్నామన్నారు. అలా చెప్పినవాళ్ళలో మగపిల్లలు 52 శాతానికి పైనే. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోక్సో చట్టం ఆడామగా తేడా చూడదు. సెలవుల్లో పిల్లల బైబిల్ తరగతులు (వీబీఎస్) నడిపేవాళ్ళు, బాలుర హాస్టళ్ళు నడిపేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

"కూటంలో సాక్ష్యం చెబితే విడుదల వస్తుంది." స్టేజీ మీద, కెమెరా ముందు, యూట్యూబ్ లైవ్‌లో ఆమె చేత చెప్పించకండి. ఆ రాత్రి నుంచి ఆమె నిద్రపోదు. పైగా పోక్సో కేసులో బిడ్డ పేరు, ఫోటో, ఊరు బయటపెట్టడం నేరం.

"పెళ్ళి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయి." సర్దుకోవు. మొదటిరాత్రే బయటపడుతుంది. అప్పుడు భరించాల్సింది మళ్ళీ ఆమే. చేసినవాడికే ఇచ్చి పెళ్ళి చేయడమైతే నేను చర్చకు కూడా తీసుకోను.

"కేసు లేనిదే ఆస్పత్రిలో చేర్చుకోరు, చేర్చుకున్నా లోపల వేళ్ళు పెట్టి చూసే రెండు వేళ్ళ పరీక్ష చేస్తారు." రెండూ తప్పే. ఎఫ్ఐఆర్ లేకపోయినా ఉచితంగా వైద్యం చేయాలి, ప్రైవేటు ఆస్పత్రి అయినా సరే. ఆ పరీక్ష చేసినవాళ్ళు తప్పు చేసినట్టేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్లో స్పష్టంగా చెప్పింది. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలవ్వాలి, గర్భం రాకుండా వేసుకునే మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. కాబట్టి ముందు ఆస్పత్రి, తర్వాత కుటుంబ చర్చలు. స్నానం చేసేసిందా, బట్టలు మార్చేసిందా? అయినా తీసుకెళ్ళండి. విడిచిన బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి తీసుకెళ్ళండి.

"పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్తే బిడ్డ మరీ బెదిరిపోతుంది." ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ పోక్సో కేసులో బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసులు యూనిఫామ్ లేకుండా రావాలి, రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు, విచారణలో నిందితుడి ఎదుట పడకుండా చూడాలి. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా సెంటర్ లాంటి చోట్ల డాక్టరు, కౌన్సెలర్, పోలీసు ఒకే కప్పు కింద ఉంటారు. తెలంగాణలో సఖి సెంటర్లు, ఆంధ్రలో వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి.

ఇంకొకటి. "మిషన్ పని అంటే ఆత్మల రక్షణ, ఈ కోర్టులు, మందులు లోకసంబంధమైనవి" అని ఈ మధ్య ఒక యువ సేవకుడు నాతో అన్నాడు. గుంటూరులో మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ళ కోసం ఆస్పత్రి కట్టించింది ఏ పనిలో భాగంగా? కాంగోలోని బుకావులో పాంజీ ఆస్పత్రి చూడండి. పెంతెకోస్తు పాస్టర్ కొడుకు డాక్టర్ డెనిస్ ముక్వేగే 1999లో స్వీడన్ పెంతెకోస్తు సంఘాల సాయంతో దాన్ని మొదలుపెట్టారు. యుద్ధంలో అత్యాచారానికి గురై, లోపలి అవయవాలు చిరిగిపోయి వచ్చిన స్త్రీలు అక్కడికి వేల సంఖ్యలో వచ్చారు. ఆపరేషన్ చేసి పంపేస్తే సరిపోదని అనుభవంతో తెలుసుకుని వైద్యం, మానసిక చికిత్స, న్యాయ సహాయం, బతుకుతెరువు నాలుగూ కలిపి ఇస్తున్నారు. 2018లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అక్కడ ప్రార్థనా ఉంది, లాయరూ ఉన్నాడు.

చివరగా, నన్ను ఎక్కువమంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న: "ఎప్పుడో చిన్నప్పుడు జరిగింది, ఇప్పుడు చెప్పి లాభమేంటి?" అత్యాచారానికి, పిల్లలపై జరిగే తీవ్రమైన లైంగిక నేరాలకు ఫిర్యాదు చేయడానికి గడువు లేదు. పోక్సో అమల్లోకి వచ్చిన 2012 నవంబర్ 14కు ముందు జరిగిందైతే ఆ చట్టం కాకుండా అప్పటి శిక్షాస్మృతి వర్తిస్తుంది, అంతే తేడా. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్ను ఇస్తారు, పరిహారానికి దరఖాస్తు కూడా అక్కడే. అసలు ఫిర్యాదే వద్దనుకున్నా చికిత్సకు రావచ్చు. నలభై ఏళ్ళ తర్వాత వచ్చి, వారానికొకసారి కూర్చుని, మందులు వాడి, నిద్రపోవడం మళ్ళీ నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. పిల్లల విషయమైతే 1098, స్త్రీలకు 181, ఇప్పుడే ప్రమాదంలో ఉంటే 112. ఫోన్ చేసేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలనిపిస్తే, మిమ్మల్ని ముందు నమ్మే మనిషిని పిలుచుకోండి. సంఘంలో ఆ మనిషి ఎవరైనా కావచ్చు, పెద్ద హోదా ఉన్నవాళ్ళే కానక్కర్లేదు.